ముగ్గు పోయకముందు ఒక పూట

తెలంగాణ గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నేను హనుమకొండలో ముప్పై ఏళ్లుగా ఇళ్లకు ప్లాన్లు గీసి బతుకుతున్న ఆర్కిటెక్టును. డాక్టర్లకు గీశాను, రైసుమిల్లు యజమానులకు గీశాను, అమెరికాలో ఉంటూ ఇక్కడ అమ్మానాన్నలకు ఇల్లు కట్టిద్దామనుకునే పిల్లలకు గీశాను. ఇందిరమ్మ ఇళ్ల పథకంతో నాకు పనిగా ఏ సంబంధమూ లేదు. టెండరు లేదు, రావలసిన బిల్లూ లేదు. మా ఆఫీసులో డ్రాయింగులు ప్రింటు తీసే అబ్బాయి వాళ్ల చిన్నమ్మకు ఇల్లు మంజూరైంది. గురువారం పునాదికి ముగ్గు పోస్తున్నారు, ఆలోగా ఒకసారి వచ్చి చూడండి మేడం అన్నాడు. ఒక గంట ఉండి వచ్చేద్దామని వెళ్లాను. పూటంతా అక్కడే ఉండిపోయాను. ఆ పూట గురించే ఈ ఉత్తరం.

భూదాన్ పోచంపల్లికి దగ్గరలో ఒక ఊరు. నేత పని చేసే ఇల్లు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అత్తగారు. పొద్దున్నే ఆరింటికల్లా వెళ్లాలని అబ్బాయి ముందే చెప్పాడు, ఏడు దాటితే నల్లా ఆగిపోతుంది, ఆ తర్వాత వాళ్లు మగ్గం ఎక్కితే మాట్లాడరు అని. సగం కూలిన పెంకుటిల్లు. ఆ ఇల్లు కట్టిన నాడు వీధికన్నా రెండు మెట్లు ఎత్తున ఉండేదట. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసుకుంటూ పోతే ఇప్పుడు వీధిలోంచి ఇంట్లోకి ఒక మెట్టు దిగాలి. అరుగు రోడ్డు కింద ఎక్కడో ఉంది.

ముందు గదిలో గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని నేసే మగ్గం అది. పైన దూలానికి తాళ్లు కట్టి, నేసిన దారాన్ని దగ్గరికి కొట్టే పలక వేలాడదీశారు. అత్తగారు గుంట అంచున కూర్చుని లోపలికి చూపించింది. "వానకాలం ఇండ్ల ఊట వస్తది బిడ్డా. చెంబుతోని తోడి పోసుడే. కాళ్లు నానుతయ్, పడుగు నానుతది. నెలకు పది దినాలు పని బందు." గుంటలో ఇటుక మీద తెల్లటి బూజు గీత మోకాలి ఎత్తున ఉంది. నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ గీత చెబుతోంది. నేను టేపు తీసి కొలిచాను. పదిహేడు అంగుళాలు.

అంతలో మేస్త్రీ వచ్చాడు. మంచి పనివాడు, చేతులు చూస్తేనే తెలుస్తుంది. ఫోన్లో మోడల్ ఇంటి ఫోటో చూపించాడు. హాలు, బెడ్రూం, వంటగది, టాయిలెట్టు. ఈ వాడలో అందరికీ ఇదే వేస్తున్నాను మేడం, బిల్లుకు ఇబ్బంది ఉండదు అన్నాడు. "మరి మగ్గం ఏడ పెట్టుకుంటరు?" అని అడిగాను. ఆయన ఇంటాయన వైపు చూశాడు. ఇంటాయన భార్య వైపు చూశాడు. ఇల్లు మంజూరైంది ఆమె పేరు మీదే. ఆమె మాత్రం నేల చూస్తూ, "వెనుక రేకుల షెడ్డు ఏసుకుంటం తీయండ్రి, పైసలైనప్పుడు" అంది.

అయ్యా, అయిదు లక్షల ప్రభుత్వ సొమ్ముతో, వాళ్లు పైన చేసే అప్పుతో కొత్త ఇల్లు లేస్తోంది. ఆ ఇంటికి అన్నం పెట్టే మగ్గానికి మాత్రం అందులో చోటు లేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. మేస్త్రీ తెలిసిన ఇల్లు వేస్తున్నాడు, ఇంజినీరు రూలు చూసుకుంటున్నాడు. అడిగిన వాళ్లే లేరు, అంతే.

పథకాన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. నిజానికి ఇందిరమ్మ ఇంట్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ స్వేచ్ఛే. ఇంతకుముందు డబుల్ బెడ్రూం ఇళ్లలో 560 చదరపు అడుగుల ప్లాను పైనుంచి వచ్చేది, తాళంచెవి చేతికి వచ్చేది, కుటుంబం తనను తాను ఆ గదుల్లోకి కుదించుకునేది. ఇప్పుడు సొంత జాగాలో, 400 నుంచి 600 చదరపు అడుగుల లోపల, వంటగది, టాయిలెట్టు ఉండేలా, పైన ఆర్‌సీసీ స్లాబు వేసి ఎవరి ఇల్లు వాళ్లే కట్టుకోవచ్చు. గదులు ఎటు ఉండాలో రూలు చెప్పదు. ఇంత స్వేచ్ఛ ఇచ్చిన పథకంలో ఊరూరా ఒకే ఇల్లు ఎందుకు లేస్తోంది? వాడుకోవడం తెలిసినవాళ్లు పక్కన కూర్చోకపోతే స్వేచ్ఛ ఉన్నా ఎవరికీ పట్టుబడదు. మండలంలో కళ్లముందు ఉన్నది ఒక్క మోడల్ ఇల్లు. చేతిలో ఉన్నది పక్కింటి ఫోటో. అది వేసుకుంటే బిల్లు వస్తుందన్న ధీమా ఒకటి.

నా దగ్గరికి వచ్చే డాక్టరు గారి ఇల్లు ఎలా తయారవుతుందో చెబుతాను. మొదటి నెల కాగితం మీద గీత పడదు. వాళ్లు ఇప్పుడు ఉంటున్న ఇంటికి వెళ్తాను, వీలైతే తెల్లవారుజామున. చెప్పులు ఎక్కడ విడుస్తున్నారో, ఉతికిన బట్టలు మడతపెట్టేదాకా ఏ కుర్చీ మీద గుట్టగా పడుంటాయో, ఫోను ఛార్జింగు కోసం ఎవరు ఎక్కడ వంగుతున్నారో చూస్తాను. బీరువా తెరవమంటాను, మొహమాటపడతారు, అయినా తెరుస్తారు. దేవుడి దగ్గర దీపం పెట్టేది ఎవరు, ఎన్నింటికి అని అడుగుతాను. ఇంట్లో ఎవరికైనా కోపం వస్తే ఎక్కడ కూర్చుంటారని కూడా అడుగుతాను. నవ్వుతారు. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి, నిజమే, చోటు లేదు కదా అంటారు. దశరథుడి అంతఃపురంలో అలగడానికే ఒక గది ఉండేది. మన టూ బీహెచ్‌కేలో బాత్రూమే దిక్కు.

ఇదంతా అయ్యాక గీసిన ప్లాను ఆ డాక్టరు గారికి తప్ప ఇంకొకరికి పనికిరాదు. పనికిరాకూడదు కూడా.

నాలుగు వేల చదరపు అడుగుల ఇంటికి నేను అంత అడుగుతున్నాను. నిజానికి అక్కడ తప్పు చేసినా దాక్కోవడానికి చోటుంది. ఒక గది కుదరకపోతే ఇంకో గది వాడుకుంటారు. నాలుగు వందల అడుగుల ఇంట్లో తలుపు తప్పు పక్కకు తెరుచుకుంటే మంచం పట్టదు. కిటికీ రెండడుగులు జరిగితే అత్తగారు పడుకునే చోట ఎండ కొడుతుంది. ఎక్కువ అడగాల్సింది చిన్న ఇంటి వాళ్లను. మన దేశంలో ఆనవాయితీ దీనికి తలకిందులు.

అడగకపోతే ఏమవుతుందో నాకు నా సొంత తప్పే నేర్పింది. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక రిటైర్డు లెక్చరరు దంపతులకు ఇల్లు గీశాను. వంటిల్లు, భోజనాల చోటు కలిపేసి, మధ్యలో నల్ల గ్రానైటు అరుగు, పెద్ద కిటికీ. ఊళ్లో అప్పటికి అలాంటిది లేదు. నాకు చాలా గర్వంగా ఉండేది. రెండేళ్ల తర్వాత ఏదో పని మీద అటు వెళ్తే పెరట్లో రేకుల షెడ్డు కనిపించింది. కింద గ్యాసు పొయ్యి, రోలు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక నవారు మంచం. వంటంతా అక్కడే. నేను గీసిన వంటింట్లో ఫ్రిజ్జు, మందుల డబ్బా, దినపత్రికల కట్ట. "పోపు ఘాటు హాల్లోకి వస్తోందమ్మా" అని ఆమె సర్దిచెప్పింది. అసలు సంగతి ఘాటు కాదు. పక్కింటామె వచ్చి కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ మాట్లాడుకునే చోటు నా ప్లానులో లేదు. నేను ప్రశ్నలన్నీ ఆయన్నే అడిగాను. ఆమె కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయేది, నేను తాగేసి వచ్చేసేదాన్ని.

అప్పటినుంచి ఏ కాలనీకి వెళ్లినా ముందు రేకులు చూస్తాను. ఇల్లు ఎక్కడ తప్పిందో రేకులు చెప్పినట్టు ఏ ఇంజినీరూ చెప్పడు. ముందు రేకు దించారంటే కూర్చునే నీడ మరిచారు. వెనక దించారంటే వంటనో, స్నానాన్నో మరిచారు. గుమ్మానికి చీర అడ్డం కట్టారంటే వీధిలోంచి మంచం కనబడుతోందని అర్థం.

అనుమతిస్తే ఇంకో ఊరి సంగతి చెబుతాను. మధ్యప్రదేశ్‌లో ఇండోరు పక్కన అరణ్య అనే కాలనీ ఉంది. అహ్మదాబాదు ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషి 1980లలో దానికి ప్లాను వేశారు. దాదాపు 6,500 ప్లాట్లు, ఎక్కువభాగం పేదవాళ్లకు. దోషి బృందం ముందు ఇండోరు మురికివాడల్లో తిరిగి, జనం ఇంటి ముందు గట్టు ఎంత వెడల్పున వేసుకున్నారో, చెట్టు కింద కొట్టు ఎలా పెట్టుకున్నారో, మెట్టు మీద ఎవరు కూర్చుంటున్నారో కొలతలు వేసుకుంది. ఆ గట్టును అక్కడ ఓట్లా అంటారు, మన అరుగే. తర్వాత ప్లాటులో పునాది, నీళ్లు, మరుగుదొడ్డి, ఒక గది లాంటి కీలకమైనవి కట్టి, మిగతాది కుటుంబానికే వదిలేశారు. ఎలా కట్టుకోవచ్చో చూపించడానికి నమూనా ఇళ్లు కట్టారు. ఒకటీ రెండూ కాదు, 80. ఒకదానికి బయటి మెట్లు, ఒకదానికి మేడ మీద వరండా, ఒకదానికి వీధిలోకి తెరుచుకునే కొట్టు గది. చూసినవాళ్లకు వీటిలో ఇది మనది అనిపించేది ఏదో ఒకటి దొరికింది. 1995లో ఆ కాలనీకి ఆగాఖాన్ అవార్డు వచ్చింది, 2018లో దోషి గారికి ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. అవార్డుల కన్నా నాకు ఆ 80 అనే అంకె ముఖ్యం. ఒక్క నమూనా పెడితే జనం దాన్ని రూలు అనుకుంటారు. ఎన్నో పెడితే ఎంచుకోవచ్చని వాళ్లకే తోస్తుంది.

లారీ బేకర్ పేరు మీ శాఖ ఇంజినీర్లకు కొత్త కాదు. 1917లో ఇంగ్లండులో పుట్టి, 1945లో కుష్ఠురోగుల సేవ పని మీద మన దేశం వచ్చి, చివరికి తిరువనంతపురంలో స్థిరపడి 2007లో అక్కడే కన్నుమూశారు. ఇటుకను పక్కకు నిలబెట్టి మధ్యలో బోలు వదిలే గోడ, స్లాబులో కాంక్రీటు పని తక్కువగా ఉన్న చోట పెంకులు నింపే పద్ధతి ఆయన పేరు మీదే ప్రచారంలోకి వచ్చాయి. ఆ గోడకు ఇటుకలు దాదాపు నాలుగో వంతు ఆదా అవుతాయి. మన దగ్గర ఎవరైనా బేకర్ ఇల్లు అంటే ఆ ఎర్ర గోడే అనుకుంటారు. ఆయన అసలు పనితనం నాకు వేరే చోట కనిపిస్తుంది. జాగా దగ్గర కూర్చునేవారు. వాలు ఎటుంది, ఏ చెట్టు కొట్టకుండా ఉంచాలి, ఇంట్లో ఎంతమంది, ఎవరికి ఏ పని అని అడిగేవారు. వాడేసిన కాగితాల వెనక గీసేవారు. గోడ లేస్తుండగా మేస్త్రీతో కలిసి మార్చేవారు. కేరళ ఇటుక గోడను తెచ్చి మనకు పెట్టమని నేను అనను. మనకు రాయి ఉంది, తాండూరు బండ ఉంది. తెచ్చుకోవాల్సింది ఆ కూర్చోవడం.

ఆర్కిటెక్టు మంచివాడైతే చాలదని కూడా నిజాయితీగా చెప్పాలి. ఈజిప్టులో హసన్ ఫతీ 1940లలో లక్సర్ దగ్గర పేదల కోసం కొత్త గుర్నా అనే ఊరు కట్టారు. ప్రతి ఇల్లూ ఆ కుటుంబానికి తగ్గట్టు వేరుగా ఉండాలని పట్టుబట్టిన మనిషి ఆయన. మట్టి ఇటుకలతో ఎంత అందమైన ఇళ్లు! జనం మాత్రం రాలేదు. వాళ్లు పాత ఊళ్లో ప్రాచీన సమాధుల మీద ఇళ్లు వేసుకుని, ఆ తవ్వకాల మీదే అప్పట్లో బతికేవారు. అక్కణ్ణుంచి లేపడానికే ప్రభుత్వం కొత్త ఊరు కట్టించింది. బతుకుతెరువును వదిలేసి ఇల్లొక్కటే మారిస్తే ఎవరు కదులుతారు? పోచంపల్లి పక్క ఊళ్లో ఆ గుంట అంచున కూర్చున్నప్పుడు నాకు కొత్త గుర్నా గుర్తొచ్చింది.

మళ్లీ ఆ ఊరికి వస్తాను. మేస్త్రీ, నేను, ఆ చిన్నమ్మ పాత ఇంటి ముందు నేల మీద కూర్చుని, ఇటుక ముక్కతో గీయడం మొదలుపెట్టాం. మొదట్లో ఆమె మాట్లాడలేదు. నువ్వు మగ్గం మీద కూర్చున్నప్పుడు వెలుతురు ఎటునుంచి రావాలి అని అడిగేసరికి నోరు విప్పింది. "పొద్దటి వెలుగు దారం మీద పడాలె మేడం, కండ్లల్ల పడొద్దు. చిటికీ కలవకుంటే పూల అంచు చెడిపోతది." చిటికీ అంటే ముడివేసి రంగు అద్దిన దారంతో వచ్చే డిజైను. తూర్పు గోడలో కిటికీ ఎక్కడ పెట్టాలో ఆ మాటతో తేలిపోయింది. ఆ తర్వాత ఆమె ఆగలేదు, నేనే ఆమెను ఆపాల్సి వచ్చింది. మగ్గం ముందు పడుగు సాగడానికి ఎంత పొడవు కావాలో అడుగులు వేసి చూపించింది. ఆసు పోయడానికి, అంటే దారాన్ని మేకుల చుట్టూ తిప్పడానికి, వరండాలో చోటు ఉండాలంది. చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం వచ్చాక తన అత్తగారి భుజం నొప్పి తగ్గిందట, అంతకుముందు ఒక్కో చీరకు చేయి వేలసార్లు అటూ ఇటూ ఆడించాల్సి వచ్చేది. ఆ యంత్రానికి గోడ పక్కన చోటూ, ప్లగ్గూ కావాలి. మోడల్ ఇంటి హాల్లో ప్లగ్గు టీవీ కోసం ఉంటుంది.

వంటింటి దగ్గరికి వచ్చాం. మేస్త్రీ గోడ పొడవునా కడప బండ అరుగు వేస్తానన్నాడు, ముప్పై నాలుగు అంగుళాల ఎత్తు. అత్తగారు నవ్వింది. "నిలవడి జొన్నరొట్టె ఎట్ల కొడ్తర్రా?" జొన్నరొట్టె కొట్టాలంటే నేల మీద పీట వేసుకుని కూర్చుని అరచేతి బలం పెట్టాలి. నడుం ఎత్తున ఉన్న అరుగు మీద ఆ బలం రాదు. కాబట్టి అరుగు సగం పొడవు చాలనుకున్నాం, మిగతా సగం నేల. ఆ నేల పక్కన అడుగున్నర ఎత్తున ఒక చిన్న కిటికీ, పొగ పోవడానికీ, కూర్చున్నప్పుడు వీధి కనబడడానికీ. ముసలావిడకు రెండోదే ముఖ్యమని నా అనుమానం.

చివరికి మగ్గం గది పది అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవుతో ఇంటికి ముందుకొచ్చింది. పడకగది ఒకటే. అత్తగారు రాత్రి లేస్తే వంటింట్లోంచి నడవకుండా వరండాలోంచే వెళ్లేలా టాయిలెట్టు తలుపు మారింది. అన్నీ కలిపి 430 చదరపు అడుగులు. వాస్తు? అడుగుతారని తెలుసు. వాళ్లూ అడిగారు. వంట ఆగ్నేయంలోనే ఉంది, ఈశాన్యం ఖాళీగానే ఉంది. వాస్తుతో నేను తగువు పెట్టుకోను. ఇల్లు కట్టేముందు ఇంటివాళ్ల దగ్గర కూర్చుని, పేరూ నక్షత్రమూ అడిగి, జాగా అంతా నడిచి చూసేది ఇప్పటికీ వాస్తు పంతులు ఒక్కరే. ఆ మర్యాద నేర్చుకోవలసింది మేము.

ఇక మగ్గం గుంట. నా ఉత్తరమంతా ఈ గుంటలోనే ఉందనుకోండి. కొత్త ఇంటికి బేస్‌మెంట్ మూడడుగులు లేస్తుంది, లోపల మొరం నింపుతారు. ఆ మొరం నింపకముందే మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతున నాలుగు చిన్న గోడలు కట్టి వదిలేస్తే గుంట తయారు. అడుగు భాగం కూడా వీధికన్నా ఎత్తునే ఉంటుంది కనుక ఊట రాదు. లెక్క వేశాం, సుమారు నూటపాతిక ఇటుకలు. మొరం నింపి, బెడ్డు వేసి, బండలు పరిచాక ఇదే గుంట కావాలంటే బండలు పగలాలి, బెడ్డు పగలాలి, పక్కనున్న మొరం జారాలి. అలాగే పలక వేలాడదీయడానికి స్లాబు పోసే రోజు ఫ్యాను కొక్కెంతో పాటు ఇంకో రెండు కొక్కేలు కడితే సరిపోతుంది. తర్వాత డ్రిల్లింగు మిషను తేవాలి. "గిది ముందుగాల జెప్తే అయిపోవు గదా మేడం" అన్నాడు మేస్త్రీ. తప్పుపట్టి కాదు, ఆశ్చర్యపోయి అన్నాడు. ఆ వాడలో అప్పటికే బండలు పరిచేసిన మగ్గం ఇళ్లు రెండు ఉన్నాయట.

మీరు డబ్బు దశలవారీగా ఇస్తున్నారు. ఒకప్పుడు ప్రకటించిన లెక్క ప్రకారం బేస్‌మెంటుకు లక్ష, గోడలకు 1.25 లక్షలు, స్లాబుకు 1.75 లక్షలు, అంతా అయ్యాక మిగిలిన లక్ష. మంచి పద్ధతి, డబ్బు పక్కదారి పట్టదు. ఒక్కో దశ దాటినప్పుడల్లా ఒక్కో తలుపు మూసుకుపోతుందని మాత్రం ఎవరూ ఆ కుటుంబానికి చెప్పడం లేదు. బేస్‌మెంటు బిల్లు వచ్చిందంటే గుంట సంగతి ముగిసింది. గోడల బిల్లుతో కిటికీ సంగతి, స్లాబు బిల్లుతో కొక్కేల సంగతి, మెట్ల సంగతి. మెట్ల గురించి ఒక్క మాట. ఎండాకాలం మన స్లాబు పగలంతా మంటను పీల్చి రాత్రంతా గదిలోకి వదులుతుంది, జనం పడుకునేది డాబా మీదే. ఖర్చని మెట్లు మానేస్తారు. ఎక్కలేని ముసలివాళ్లు కింద ఉడికిపోతారు. కనీసం స్లాబు పైన తెల్ల సున్నం కొట్టించమని చెప్పండి, ఆ మాటకు ఖర్చు లేదు.

నేను కోరేది ఇది. ముగ్గు పోయకముందు ప్రతి కుటుంబం దగ్గర ఒక మనిషి ఒక పూట కూర్చోవాలి. పాత ఇంట్లోనే కూర్చోవాలి, పంచాయతీ ఆఫీసులో కాదు. పొద్దున్నే కూర్చోవాలి. ఎవరి పేరు మీద ఇల్లు మంజూరైందో ఆమె మాట్లాడేదాకా కూర్చోవాలి. ఇల్లు ఆడవాళ్ల పేరు మీద ఇవ్వడం ప్రభుత్వం తీసుకున్న మంచి నిర్ణయం. అయితే ముగ్గు పోసే రోజు గుంపులో మాట్లాడేది మగవాళ్లు, ముగ్గు గీసేది మేస్త్రీ. ఆమె వెనక నిలబడి కొబ్బరికాయ పట్టుకుని ఉంటుంది.

లక్షల ఇళ్లకు అది కుదిరే పనేనా అంటారు. లెక్క వేసి చూశాను. మొదటి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు అన్నారు. ఇంటికి పూట చొప్పున 1,750 రోజుల పని. ఏడాదికి 250 పనిదినాలనుకుంటే ఏడుగురు మనుషులు. నియోజకవర్గానికి ఏడుగురు, ఒక్క ఏడాది. పెద్ద సైన్యం అక్కర్లేదు. మాసాబ్‌ట్యాంకు దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ యూనివర్సిటీ ఉంది, ఇంకా కాలేజీలున్నాయి. ఆర్కిటెక్చరు చదువు అయిదేళ్లు, అందులో కొన్ని నెలలు ఎలాగూ ఎవరో ఒకరి ఆఫీసులో శిక్షణకు వెళ్లాలి. మా ఆఫీసుకు వచ్చే పిల్లలు ఏసీ గదిలో కూర్చుని కంప్యూటరులో ఎలివేషను తిప్పి తిప్పి చూస్తారు. జొన్నరొట్టె కొట్టే ఎత్తు ఎంతో వాళ్లకు ఎవరూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. వాళ్లను పంపండి. నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌లో మేస్త్రీలకు శిక్షణ ఇస్తున్నారు, ఆ పాఠంలో ఈ అడగడాన్నీ చేర్చండి. నిజానికి మంచి మేస్త్రీలు పూర్వం అడిగేవాళ్లే. ఫోన్లో ఫోటో వచ్చాక మానేశారు.

ఒక్క జాగ్రత్త. దీన్ని ఫారంగా మార్చేయకండి. ఇరవై ప్రశ్నలు, టిక్కు పెట్టే గళ్లు, జియో ట్యాగింగు ఫోటో అయితే మూడు నిమిషాల్లో అయిపోతుంది, మగ్గం గడి ఖాళీగా ఉండిపోతుంది. పిల్లల చేతికి ఒక టేపు, ఒక నోటుబుక్కు ఇవ్వండి చాలు. బుక్కు మొదటి పేజీలో ఆ ఇంటి రోజు రాయమనండి, ఎవరు ఎన్నింటికి లేస్తారు, లేచి ఎటు వెళ్తారు. ప్లాను రెండో పేజీ నుంచి గీయొచ్చు. మోడల్ ఇల్లు కూడా ఒక్కటి కాకుండా మగ్గం ఇల్లు, కుట్టుమిషను ఇల్లు, గొర్లున్న ఇల్లు, కిరాణా కొట్టున్న ఇల్లు, మంచంలో పెద్దవాళ్లున్న ఇల్లు అని ఊరికి తగ్గట్టు నాలుగైదు రకాలు చూపిస్తే సగం పని అక్కడే అయిపోతుంది.

ఆ ఇంటికి గురువారం అనుకున్నట్టే ముగ్గు పోశారు. నేను వెళ్లలేకపోయాను. అబ్బాయి ఫోటో పంపాడు. తెల్లటి గీతల మధ్య మగ్గం గుంట ఉండాల్సిన చోట అత్తగారు ఒక రాయి పెట్టి, దాని పక్కనే కూర్చుని ఉంది, ఎవరూ జరపకుండా.

ఏ నియోజకవర్గంలో మొదలుపెట్టినా సరే, కబురు చేయండి. మొదటి వారం పిల్లలతో పాటు నేనూ వస్తాను, పైసా అక్కర్లేదు. కాకపోతే బండి తెల్లవారుజామున నాలుగున్నరకే బయలుదేరాలి. ఏడు దాటితే నల్లా ఆగిపోతుంది.

ఇట్లు
ఒక ఆర్కిటెక్టు,
హనుమకొండ